పడమర చూసే కోడి

పుల్లేటిలంక,
18 జూలై 1983

దీనమ్మ అక్కయ్యకు తమ్ముడు ఆశీర్వాదం ప్రభువు నామంలో వందనాలు చేసి రాసేది.

ముందుగా నా రాతను మన్నించు. కోడి కెలికినట్టు ఉంటుందని నువ్వు చిన్నప్పుడే అన్నావు. ఇప్పుడా కోడికి కాళ్ళు కూడా వణుకుతున్నాయి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. నేను చదివిన బడిలో నాలుగో తరగతి దాకే పంతులు ఉండేవాడు.

నువ్వు వెళ్ళమన్నావని మన పాత ఊరు మెరకపాలెం వెళ్ళాను. రావులపాలెంలో బస్సు మారి, సిద్ధాంతం వంతెన దాటి, పెనుగొండలో దిగాను. అమ్మవారి గుడికొచ్చిన జనం రిక్షాలన్నీ ఎక్కేశారు. బురదలో నడిచాను.

మన గుడి ఇప్పుడు గుడి కాదు. గేటు మీద నీలం బోర్డు పెట్టి 'కేథడ్రల్' అని రాశారు. గుడి జానెడు కూడా పెరగలేదు. బోర్డు పెరిగింది.

గుమ్మం దగ్గర నిలబడి చూశాను. గానుగ సున్నం గోడలు నీకు గుర్తున్నాయి కదా, చెయ్యి ఆనిస్తే కుండలా చల్లగా ఉండేవి. వాటికి గులాబీ రంగు కొట్టారు. మిఠాయి కొట్టులా ఉంది. రంగు అద్దాలు పగిలిన చోట రేకు ముక్కలు కొట్టారు. ఫ్యాన్లు మాత్రం బోలెడు. ప్రతి రెక్క మీదా ఇచ్చినవాళ్ళ పేరు ఎర్ర రంగుతో రాసుకున్నారు. ఫ్యాను తిరుగుతుంటే పేరు కనబడదు. కరెంటు పోతేనే వాళ్ళ భక్తి కనబడుతుంది.

శిఖరం మీద కోడి ఉంది. గుడి కట్టిన చాలా ఏళ్ళకు మిషను దొరగారు ఓడలో తెప్పించిన ఇనప కోడి, నాన్న ఎక్కి నిలబెట్టిన కోడి. గాలి ఎటు నుంచి వస్తే అటు ముక్కు తిప్పాలి అది. నేను వెళ్ళేసరికి పడమటి గాలి. కోడి పడమరే చూస్తోంది. బాగానే ఉందనుకున్నాను. కాసేపటికి గాలి మళ్ళి తూర్పు నుంచి జల్లు కొట్టింది. నా పంచె పడమరకు ఎగిరింది. కోడి మాత్రం కదల్లేదు.

అక్కడ వెంకటరత్నం గారని ఒకాయన ఉన్నాడు. గుడి వందేళ్ళ పండుగ కమిటీకి ఆయనే పెద్ద. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళకు చెబుతున్నాడు:

“అది యెరూషలేము వైపు చూస్తోందండీ. దొరగారు ప్రార్థన చేసి నిలిపారు. తుఫానుకి చుట్టూ తాటిచెట్లు పడిపోయాయి గానీ అది ఇటు నుంచి అటు తిరగలేదండీ. మహిమండీ!”

వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది.

తుప్పు పట్టింది అక్కయ్యా. నాన్న ఏటా ఎక్కి ఆముదం పోసేవాడు. నాన్న తర్వాత ఎక్కిన మగాడు లేడు. తుప్పుకు కూడా భక్తులు ఉంటారని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

వాళ్ళకు దారిచ్చి పక్కకు జరిగాను. నా సంగతి నీకు తెలుసు.

గుమ్మం పక్కన చాప మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చూపు లేదు. మన వీధి సుబ్బాయమ్మ అని తర్వాత తెలిసింది. నా చెయ్యి తడిమి “ఎవరు బాబూ?” అంది. “దారినపోయేవాణ్ణి” అన్నాను. “దారినపోయేవాళ్ళు ఊరికే గుడికి రారు బాబూ. భోజనాలున్నప్పుడే వస్తారు” అంది. ఆ ఊళ్ళో నాకు నచ్చిన మాట అదొక్కటే.

నాన్న పేరు సంగతి అడగమన్నావు. అడగలేకపోయాను.

నీ తమ్ముడు
ఆశీర్వాదం


కాకినాడ,
2 ఆగస్టు 1983

తమ్ముడు ఆశీర్వాదానికి దీవెనలు.

నిన్ను పంపింది ఫ్యాన్ల రెక్కలు చదవడానికి కాదు. ఎదురుగా మనిషి ఉంటే నీకు నోరు పెగలదు. కాగితం దొరికితే మాత్రం నీ అంత వెటకారం ఈ జిల్లాలో ఎవరికీ లేదు.

మళ్ళీ చెబుతున్నాను, విను. ఫిబ్రవరిలో పండుగ. గుడికి చెమటోడ్చినవాళ్ళ పేర్లన్నీ ఒక రాతి మీద చెక్కి గోడకు పెడుతున్నారు. నాన్న పేరు దాని మీద ఉండాలి. ఆసుపత్రిలో నర్సుగా చేసినన్నాళ్ళూ, నిద్రపట్టని ప్రతి రోగికీ నేను చెప్పిన కథ ఒకటే. మా నాన్న యోసేపు పడవలో తెరచాప కొయ్య ఎక్కేవాడని, అలాగే గుడి శిఖరమెక్కి కోడిని నిలబెట్టాడని. “సిస్టరు గారు కోతలు కోస్తారు” అని వార్డుబాయిలు నవ్వేవాళ్ళు. నాకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు పట్టుకుపోయాయి. కళ్ళు మూసేలోగా ఒక్కసారి కారు కట్టించుకుని వచ్చి, ఆ రాతి మీద నాన్న పేరు వేలితో తడిమి చూసుకోవాలి. ఇంకే కోరికా లేదు నాకు.

గుమ్మం దగ్గర ఎందుకు నిలబడ్డావు? లోపలికెళ్ళి బల్ల మీద కూర్చుంటే ఎవరైనా తోలేస్తారా? అసలా ఊరంటే నీకెందుకంత మంట? నేను ఇక్కడ మిషను హాస్టల్లో ఉండగా మీరు చలిజ్వరాలకు భయపడి ఊరొదిలేశారని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. జ్వరం మీద కూడా యాభై ఏళ్ళు పగ పట్టేవాణ్ణి నిన్నే చూశాను.

వెళ్ళి అడుగు. నోరు తెరిచి అడుగు.

అక్కయ్య


పుల్లేటిలంక,
9 అక్టోబరు 1983

అక్కయ్యకు,

వెళ్ళాను. నోరు తెరిచాను. తెరిచి ఏం ప్రయోజనమో చదువు.

గుడి చుట్టూ వెదురు పరంజా కట్టారు. శిఖరానికి రంగు వేస్తున్నారు. ఏం రంగు అని అడక్కు. గులాబీయే.

వెంకటరత్నం గారు వాళ్ళింటి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. నేను యోసేపు కొడుకునని చెప్పాను.

“ఏ యోసేపండీ? మా సంఘంలో యోసేపులకేం తక్కువ లేదు.”

“పడవ యోసేపండి. కోడిని నిలబెట్టినాయన.”

కాఫీ గ్లాసు కింద పెట్టి ఒక్క క్షణం నా వంక చూశాడు. తర్వాత మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలిగిందా అనుకున్నాను.

“అబ్బ, దేవుడే పంపాడండీ మిమ్మల్ని! కోడి సంగతికి మాకు సాక్షి ఒకరు కావాలి. బిషప్ గారు అడుగుతున్నారు. మీ నాన్నగారు దొరగారి ప్రార్థన ప్రకారం దాన్ని యెరూషలేము వైపు బిగించారని మీరొక సంతకం పెట్టండి చాలు. రాతి మీద మొదటి వరసలో వేయిస్తాను మీ నాన్నగారి పేరు.”

“బిగించలేదండి. తిరిగేది” అన్నాను.

“మీకు గుర్తుండదు లెండి. అప్పటికి మీరు పసివాళ్ళు.”

ఆయనప్పటికి పుట్టనే లేదు. పుట్టనివాడికి గుర్తుంది, చూసినవాడికి గుర్తు లేదు. కమిటీ పెద్ద కావాలంటే అంత జ్ఞాపకశక్తి ఉండాలి కాబోలు.

కాగితం నా ముందు పెట్టాడు. కలం మూత కూడా ఆయనే తీసి ఇచ్చాడు. నేను కాఫీ తాగి వచ్చేశాను.

ఆశీర్వాదం


కాకినాడ,
27 అక్టోబరు 1983

ఆశీర్వాదం,

నీ ఉత్తరం చదివి తల కొట్టుకున్నాను. మొదటి వరసలో వేస్తానంటే కాఫీ తాగి వస్తావా?

సంతకం పెట్టు. నీకేం పోయింది? దేవుడికి తూర్పేంటి, పడమరేంటి? ఇనప కోడి ఎటు చూస్తే ఎవరికి నష్టం? ఆ వెంకటరత్నం అబద్ధం ఆయన నెత్తిన ఉంటుంది. నాన్న పేరు రాతి మీద ఉంటుంది. నేను పోయాక, నువ్వు పోయాక కూడా ఉంటుంది. మనిద్దరం తప్ప ఆ పేరు తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పు?

నీ వెటకారం అన్నం పెట్టదురా తమ్ముడూ. జీవితమంతా రేవులో పడవ తోసి, ఎక్కినవాణ్ణీ దిగినవాణ్ణీ లోలోపల ఎగతాళి చేసుకుంటూ కూర్చున్నావు. ఒక్కసారి అక్క కోసం తల వంచు.

క్రిస్మస్ లోపల సంతకం పెట్టానని ఉత్తరం రావాలి. లేకపోతే ఆయనకు నేనే రాసి, కాగితం పోస్టులో తెప్పించుకుని సంతకం పెట్టేస్తాను. నేను మాత్రం యోసేపు కూతుర్ని కాదా?

దీనమ్మ


పుల్లేటిలంక,
20 నవంబరు 1983

అక్కయ్యకు,

నువ్వు సంతకం పెట్టే ముందు ఇది చదువు. చెప్పొద్దని నాన్న నా చేత మాట తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆగాను. ఇక ఆగితే నువ్వు కలం మూత తీస్తావు.

జ్వరాలు కాదు.

మన కోడిని పడవలవాళ్ళు చూసేవాళ్ళు. తెరచాప ఎత్తాలా వద్దా అని పొద్దున్నే రేవులోంచి తల ఎత్తి చూసేవాళ్ళు. అందుకే నాన్న దానికి నూనె పోసేవాడు, భక్తికి కాదు. కోడిపందెగాళ్ళు కూడా చూసేవాళ్ళు. గుడి కోడి తూర్పు చూస్తే డేగ పుంజు గెలుస్తుందని, పడమర చూస్తే కాకి పుంజని, దక్షిణం చూస్తే నెమలి పుంజని వాళ్ళకొక శాస్త్రం. గోడవతల తోటలో పందేలు. గోడివతల ప్రార్థన. రెండు పక్కలా చూపు మాత్రం ఆ కోడి మీదే.

ఒక ఏడు కోడి తూర్పు చూస్తోందని ఒక పెద్దమనిషి డేగ మీద గట్టిగా కాశాడు. పందెం మధ్యలో గాలి మళ్ళింది. కోడి దక్షిణం తిరిగింది. డేగ చచ్చింది. ఆ పెద్దమనిషి మన సంఘపెద్ద. వెంకటరత్నం గారికి సొంత తాత. పందెం కాశానని చెప్పుకోలేడు కదా. “పడవ యోసేపు కల్లు ముంతకు ఆశపడి దేవుడి కోడిని చేత్తో తిప్పి పందేలు నడుపుతున్నాడు” అని సంఘంలో చెప్పాడు.

ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్లకు నాన్న లేచి వెళ్ళబోతే ఆపేశారు. “నువ్వు గుమ్మం దాటకు” అన్నారు. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. వానాకాలం అంతా ప్రతి ఆదివారం అక్కడే నిలబడ్డాడు. పక్కన నేను. ఆయన అన్నదల్లా ఒకటే: “నూనె పోశానండి. తిప్పింది గాలండి.” పాటలు పాడేవాళ్ళు గానీ ఒక్కరూ మన వైపు తిరగలేదు. సుబ్బాయమ్మ ఒక్కతే లోపల చాప వదిలి వచ్చి గుమ్మం దగ్గర మా పక్కన కూర్చునేది. అప్పటికి కొత్త కోడలు. వాళ్ళ అత్త తిట్టేది.

తర్వాత ఒకరోజు సామాను పడవలో వేసుకుని వచ్చేశాం. “అక్కకు చెప్పకు. దానికి ఆ గుడంటే ఇష్టం” అన్నాడు.

ఆ తర్వాత ఆ రేవు మీదుగా వెళ్ళినప్పుడల్లా నాన్న పడవలోంచి తల ఎత్తి కోడిని చూసేవాడు. “మూలుగుతోందిరా” అనేవాడు. ఒక ఏడు అది తిరగలేదు. ఆ ఏటి నుంచి ఆయన అటు బాడుగలు ఒప్పుకోలేదు.

నాన్నని గుమ్మంలో ఆపినందుకు పట్టిన తుప్పు అది. దానికి ఇప్పుడు మహిమని పేరు పెట్టి, ఆ కిందనే నాన్న పేరు చెక్కుతారట.

ఇక నీ ఇష్టం. నువ్వు పెద్దదానివి.

ఆశీర్వాదం


కాకినాడ,
4 జనవరి 1984

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చాక క్రిస్మస్ పండుగకు ఇక్కడి గుడికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. నిజమే చెప్పాను.

మిషను హాస్టలుకు నాన్న చూడ్డానికి వచ్చినప్పుడల్లా “గుడి ఎలా ఉంది నాన్నా?” అని అడిగేదాన్ని. “బాగుందమ్మా, కోడి బాగా తిరుగుతోంది” అనేవాడు. ఇప్పుడు లెక్క చూసుకుంటే అప్పటికే మీరు ఊరొదిలేశారు.

వెంకటరత్నం గారికి ఉత్తరం రాశాను. అందులో రాసింది ఇంతే: “అయ్యా, మా నాన్న పేరు మీ రాతి మీద వద్దు. మీ తాతగారి పేరు ఎలాగూ మొదట వేస్తారు. ఆయన పక్కన నిలబడడానికి మా నాన్నకు అలవాటు లేదు, ఆయన్ని మీవాళ్ళు గుమ్మంలోనే నిలబెట్టారు.” జవాబు రాలేదు. రాదు.

నా కోరిక సంగతి ఇక ఎత్తకు.

మరో సంగతి. రంగులవాళ్ళు ఇంకా పరంజా మీద ఉన్నారా? నా మోకాళ్ళతో వేగుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. పట్టుకుపోయిన కీలును బలవంతంగా తిప్పకూడదు. ముందు నూనె పోసి నానబెట్టాలి. మర్నాడు మళ్ళీ పోయాలి. చేత్తో మెల్లగా తట్టాలి. అంతే. తిరగాలనుకుంటే అదే తిరుగుతుంది.

నాన్న ఏ నూనె పోసేవాడో నీకు తెలుసు.

ఫిబ్రవరి పండుగకు నేను రాను. ఆ రాయి నేను చూడను. నువ్వు వెళ్ళు. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డావో, నాకు తమ్ముడు లేడనుకుంటాను. లోపల, బల్ల మీద, ఫ్యాను కింద కూర్చో.

దీనమ్మక్క


పుల్లేటిలంక,
21 ఫిబ్రవరి 1984

అక్కయ్యకు తమ్ముడు వందనాలు చేసి రాసేది.

ఈ ఉత్తరం పొడుగైంది. కొంచెం ఓపిక పట్టి చదువు.

నీ ఉత్తరం అందగానే ఆముదం సీసా పట్టుకుని వెళ్ళాను. రంగులు వేసేవాడి పేరు అచ్చిబాబు. నలభై ఏళ్ళుంటాయి, నోరు జాస్తి.

“ఏంటి తాతా, కోడికి ఆముదమా? కడుపునొప్పా దానికి?”

“అవును బాబూ. యాభై ఏళ్ళ నుంచి.”

పడీ పడీ నవ్వాడు. నవ్వి తీసుకెళ్ళాడు. మర్నాడు మళ్ళీ పోశాడు. నువ్వు చెప్పినట్టు మెల్లగా తట్టాడట. “కదల్లేదు తాతా, రాయిలా ఉంది” అన్నాడు. పరంజా విప్పేశారు. పోనీలే అనుకున్నాను.

పండుగ రోజు వెళ్ళాను. లోపలే కూర్చున్నాను. మూడో బల్ల. నా నెత్తి మీద ఫ్యాను వెంకటరత్నం గారి తోడల్లుడిది. గాలి రాలేదు. కరెంటు లేదు కాబట్టి పేరు మాత్రం చక్కగా చదివాను. మైకుకు మాత్రం బ్యాటరీ తెచ్చుకున్నారు. గాలి లేకపోయినా పర్వాలేదు గానీ ఉపన్యాసం లేకపోతే ఎలా?

ఉపన్యాసాలు రాస్తే నీకు తలనొప్పి వస్తుంది. వదిలేస్తున్నాను. సాయంత్రానికి బిషప్ గారు రాతి మీద తెర తీశారు. రాయి గుమ్మం పక్క గోడకే పెట్టారు. మొదటి పేరు తాతగారిది, నువ్వు చెప్పినట్టే. కింద బంగారు అక్షరాలతో 'యెరూషలేము వైపు స్థిరముగా చూచుచున్న కోడి గల దేవాలయము' అని. వెంకటరత్నం గారు మైకు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆ ముక్క గట్టిగా చదివాడు. “స్థిరముగా” అన్న చోట ఆగి అందరి వంకా చూశాడు.

అప్పుడే దక్షిణం నుంచి పైరగాలి లేచింది.

ముందు ఒక మూలుగు వినబడింది. ఏ దూలమో అనుకున్నారు. తర్వాత కిర్రుమని, ఇంకోసారి కిర్రుమని. జనమంతా బయటికి పరిగెత్తారు, వాళ్ళ వెనకే నేనూ. కోడి పడమర వదిలింది అక్కయ్యా. కొంచెం ఆగింది. మళ్ళీ కిర్రుమంది. పూర్తిగా దక్షిణానికి తిరిగి, గాలికి ముక్కు ఆనించి నిలబడింది.

గోడవతల తోటలోంచి ఎవడో అరిచాడు: “దచ్చినం చూసిందిరోయ్! నెమలి! నెమలి!” ఆ శాస్త్రం ఇంకా బతికే ఉంది. సంఘం వాక్యం మర్చిపోయినా పందెగాళ్ళు శాస్త్రం మర్చిపోరు.

వెంకటరత్నం గారి మొహం గోడ రంగులోంచి సున్నం రంగులోకి వచ్చింది. కానీ కమిటీ పెద్ద ఊరికే అవుతాడా? ఊపిరి పీల్చుకుని మైకులో, “మహిమ! బిషప్ గారి ప్రార్థనకు కోడి కదిలింది! హల్లెలూయా!” అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. అంతకు ముందు క్షణం చదివిన రాయి పక్కనే ఉంది. ఒక్కరూ దాని వంక చూడలేదు. తిరక్కపోతే మహిమ, తిరిగితే మహిమ. ఆముదం ఊసు లేదు.

ఇక్కడి దాకా అయితే నవ్వుకుని బస్సెక్కేవాణ్ణి.

సుబ్బాయమ్మ ఎప్పటిలా గుమ్మం పక్కన చాప మీదే ఉంది. ఆయన మైకు పట్టుకుని నిలబడింది సరిగ్గా ఆవిడ నెత్తి మీద. ఆవిడకు కోడి కనబడదు, రాయి కనబడదు. ఆ కిర్రు మాత్రం వినబడింది. తల పైకెత్తి గట్టిగా అరిచింది:

“ఎవర్రా పైనున్నది? యోసేపేనా? ఒరే యోసేపన్నా, జాగర్తరోయ్! వానకి సున్నం జారుతుంది!”

మైకులో పడింది. తాడిచెట్టుకు కట్టిన లౌడుస్పీకర్లోంచి ఊరి మీద పడింది. రేవు దాకా వెళ్ళింది.

ఎవడో కుర్రాడు నవ్వాడు. “యోసేపెవరు మామ్మా?” అన్నాడు.

“అదేంట్రా, ఈ కోడికి నూనె పోసే యోసేపు. ప్రభువు బల్లకు రానివ్వకుండా ఇక్కడే, ఈ గుమ్మంలో నిలబెట్టేశారు కదరా ఆయన్ని. ఏ పాపం ఎరగడు. మళ్ళీ రానిచ్చారా ఏంటి? ఎప్పుడు రానిచ్చారు?”

అదీ మైకులోనే. వెంకటరత్నం గారికి మైకు ఆపే మీట దొరకలేదు. బిషప్ గారు “ఏ యోసేపు?” అని మెల్లగా అడగడం కూడా స్పీకర్లో వినబడింది.

నేను జనాన్ని తోసుకుని గుమ్మం దగ్గరకు వచ్చాను. ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను. నా చెయ్యి తడిమింది.

“ఈ చెయ్యి... నువ్వు దారినపోయేవాడివి కదూ?”

“కాదమ్మా. యోసేపు కొడుకుని.”

అదెవరికీ వినబడలేదు. అప్పటికి మీట దొరికింది. నా మాటకు అంతే ప్రాప్తం. పర్వాలేదు, చెప్పాల్సింది ఆవిడ చెప్పేసింది. బిషప్ గారు మాత్రం వచ్చి మా ఎదురుగా నిలబడి, సుబ్బాయమ్మను మళ్ళీ మొదటి నుంచి చెప్పమన్నాడు. ఆవిడ చెప్పింది. డేగ సంగతీ, తాతగారి సంగతీ కూడా. నాకు తెలీనివి కూడా చెప్పింది. వెంకటరత్నం గారు భోజనాల ఏర్పాట్లు చూడాలని వెళ్ళిపోయాడు.

నేను భోజనానికి ఉండలేదు. దారినపోయేవాడు భోజనానికే వచ్చాడని సుబ్బాయమ్మ అంటుందని.

రాతి మీద నాన్న పేరు లేదు. చెక్కుతారో లేదో నాకు తెలీదు, అడగను కూడా. నీ వేలికి తగలడానికి అక్కడ ఏమీ లేదు అక్కయ్యా. వినడానికి మాత్రం ఉంది. పైరగాలి రోజూ సాయంత్రం లేస్తుంది, ఎండలు ముదిరేదాకా ఉంటుంది. కారు సరాసరి గుమ్మం దాకా వెళుతుంది. నీ మోకాళ్ళతో మెట్లు ఎక్కక్కర్లేదు. సుబ్బాయమ్మ చాప మీద చోటుంది.

వచ్చే ఏడు మళ్ళీ ఆముదం పోస్తానని అచ్చిబాబు ఒప్పుకున్నాడు.

ఎప్పుడు వస్తావో తొందరగా రాయి. నాలాగా ఆలస్యం చెయ్యకు. కార్డు ముక్క అయినా చాలు.

నీ తమ్ముడు
ఆశీర్వాదం